చీనీ అడిగిన రాత్రి

రాత్రి ఎనిమిది దాటి పది నిమిషాలు. గుంతకల్లు రైల్వే క్వార్టర్స్‌లో ఒక ఇంట్లో, వంటింటి తలుపు చాటున నిలబడి కోడలు పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని సూది వేసుకుంది. సిరంజికి మూత బిగించి గూట్లో పెట్టింది. ఇంక అరగంటలో అన్నం తినాలి. పదేళ్ళుగా రోజూ చేస్తున్న పని. గడియారం చూడకపోయినా ఆ అరగంట ఎప్పుడు నిండుతుందో ఆమెకు తెలుసు.

సరిగ్గా అప్పుడే వాకిట్లో ఆటో ఆగింది.

దిగింది భర్తకు మేనమామ అయ్యే అత్తగారి తమ్ముడు, ఆయన భార్య, వాళ్ళ పిల్లోడు. నార్పల పక్కన వాళ్ళకు చీనీ తోట ఉంది. గోనెసంచి నిండా కాయలు తెచ్చారు. "ముందు వీళ్ళకు అన్నాలు పెట్టమ్మీ, ఎప్పుడో మధ్యాన్నం తిన్యారంట" అంది అత్త. కోడలు తలూపింది. పెళ్ళయి రెండేళ్ళయినా అత్తగారితో కలిసి ఒక ఇంట్లో ఉండడం అప్పుడప్పుడే మొదలు. ఇంటికొచ్చిన మనుషులు ఆకలితో ఉంటే తను ముందు కంచం పెట్టుకుని ఎట్లా కూర్చుంటుంది?

సంగటి ముద్దలు పెట్టింది. పప్పు పోసింది. చెనక్కాయల ఊరిబిండి వేసింది. మారు వడ్డించింది. తొమ్మిదింపావుకు మజ్జిగ గిన్నెతో వంగినప్పుడు చేయి వణికింది. కంచంలో పడాల్సిన మజ్జిగ బండల మీద పడింది. గిన్నె వదిలేసి గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారింది. నుదుటి నిండా చెమట. జాకెట్టు వీపుకు అంటుకుపోయింది.

అత్త, మేనమామ భార్య ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పెళ్ళయి రెండేళ్ళయిన పిల్ల కళ్ళు తిరిగి కూలబడితే పెద్దవాళ్ళకు ముందు తట్టేది ఒకటే.

"ఎన్నో నెలమ్మీ? మాకు చెప్పనే లేదే!"

ఆమె ఏదో అంటోంది. తెలుగు కాదు. పెదాలు తడబడుతున్నాయి. "చినీ... ఏక్టు చినీ దాఓ..."

"చీనీ అడుగుతాంది!" మేనమామ ముఖం వెలిగిపోయింది. "పులుపు మీదికి పోయింది మనసు. మన తోట కాయలే అడుగుతాంది చూడక్కా!"

ఆయనే లేచి సంచి మూతి విప్పాడు. అత్త ఒక కాయ ఒలిచి తొనలు నోటికి అందించింది. మేనమామ భార్య నాలుగు కాయలు కోసి గ్లాసులోకి పిండింది. గ్లాసు పళ్ళకు తగిలి టకటకమంటుంటే అత్త ఆమె తల పట్టుకుని కొంచెం కొంచెంగా తాగించింది. పావుగంటకు చెమట ఆరింది. ఇంకో పది నిమిషాలకు ఆమె లేచి, గోడ పట్టుకుని నడిచి, గూట్లోంచి చిన్న మీటరు తీసి వేలు గుచ్చుకుంది. 66.

అంత రసం తాగాక 66. డెబ్బైకి తగ్గితేనే లో షుగర్ అంటారు. తాగకముందు ఎంతకు పడిపోయి ఉంటుందో ఆలోచించడానికి ఆమెకు ఇప్పటికీ ఇష్టం లేదు.

బెంగాలీలో చినీ అంటే చక్కెర. మన అనంతపురం వైపు చీనీ అంటే బత్తాయి.

తొమ్మిదేళ్ళ తర్వాత ఆ అత్తగారు నా ఎదురుగా కూర్చుని ఈ సంగతంతా చెప్పి, చివర ఒక మాట అంది. "చక్కెర అడుగుతాందని నాకు తెలిసింటే సచ్చినా ఇచ్చుండనమ్మా. షుగరున్న పిల్లకు యాడన్నా చక్కెర పోస్తారా?"

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. అర్థం అయి ఉంటే ఆ పిల్ల చచ్చిపోయేది. అర్థం కాకపోబట్టి బతికింది. ప్రేమకు ఏమీ తక్కువ లేని ఇంట్లో, ఒక మాట ఎంత పని చేస్తుందో ఆలోచించండి.

వాళ్ళ పేర్లు రాయొద్దన్నారు. మిగతాదంతా రాయమన్నారు.

* * *

ఆ కోడలి భర్తది అనంతపురం జిల్లా పల్లె. రైల్వే పరీక్ష రాస్తే అసిస్టెంట్ లోకో పైలట్ ఉద్యోగం ఖరగ్‌పూర్ డివిజన్‌లో వచ్చింది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళకు పరాయి ఊరు కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి పోయి అక్కడే తరాలుగా స్థిరపడిన కుటుంబాలు ఎన్నో. ఆమె ఆ ఊరి బెంగాలీ పిల్ల. పక్కింటి తెలుగు పిల్లలతో ఆడుకుంటూ పెరిగింది కాబట్టి "పంచదార", "బెల్లం", "ఒలే" లాంటి మాటలు చిన్నప్పుడే వచ్చు. మేడ మీద గది అద్దెకు తీసుకున్న ఈ అబ్బాయి మాట్లాడే తెలుగు మాత్రం వేరే తెలుగులాగా వినిపించేదట.

ఆమెకు పదహారేళ్ళప్పుడు, 2006లో, జబ్బు బయటపడింది. విపరీతమైన దాహం, రాత్రికి నాలుగైదుసార్లు లేవడం, నెలలో ఏడు కిలోలు తగ్గిపోవడం. చివరికి వాంతులతో స్పృహ తప్పితే ఆసుపత్రికి మోసుకుపోయారు. టైప్‌-1. ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన రక్షణ వ్యవస్థే దారితప్పి, క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేస్తుంది. తీపి ఎక్కువ తిన్నందుకు వచ్చేది కాదు. మాత్రలతో పోయేదీ కాదు. బయటి నుంచి ఇన్సులిన్ ఇవ్వకపోతే మనిషి బతకదు. 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ళ లెనార్డ్ థాంప్సన్‌కు మొదటి సూది పడేదాకా ఈ జబ్బు వచ్చిన పిల్లలకు మిగిలేది నెలలే, మహా అయితే కొన్నేళ్ళు.

పెళ్ళి మాట వచ్చినప్పుడు ఆమె మేనత్త అందట: "అత్తారింట్లో చెప్పొద్దు. ఎలర్జీకి సూది వేసుకుంటానని చెప్పు." మన ఊళ్ళలోనూ ఆడపిల్ల జబ్బు గురించి ఇదే సలహా ఇస్తారు. భాష ఒకటే తేడా. ఆ పిల్ల మాత్రం ఆ సలహా వినలేదు. ఒక సాయంత్రం మేడ మెట్ల మీద అతని పక్కన కూర్చుని, తన డబ్బా మూత తీసి ఒక్కొక్కటే బయట పెట్టింది. ఇన్సులిన్ సీసాలు రెండు. సిరంజిలు. మీటరు. స్ట్రిప్పులు. ఒక పొట్లంలో గ్లూకోజు పొడి.

"రోజుకు నాలుగు సూదులు. సెలవు ఉండదు. చూసి చెప్పు."

అతను ఒక సిరంజి తీసుకుని తిప్పి చూశాడు. మూత ఎర్రగా ఎందుకుందని అడిగాడు. ఆమె చెప్పింది. మన దేశంలో సీసా ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు నలభై యూనిట్లది వస్తుంది, దానికి ఎర్రమూత సిరంజి. వంద యూనిట్లదానికి నారింజ రంగు మూత. ఒకదాని సిరంజి ఇంకొకదానికి వాడితే మోతాదు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది.

"అంటే సిగ్నల్ లాంటిదే" అన్నాడు అతను. "రంగు తప్పు చూస్తే మా పనిలోనూ అంతే."

ఆమెకు ఆ జవాబు సరిపోయింది.

* * *

తప్పు తర్వాత జరిగింది. అది ఆయనదే. ఆయనే ఒప్పుకున్నాడు.

వేరే రాష్ట్రం పిల్ల, చేపలు తినే పిల్ల అని తల్లిని ఒప్పించడానికే ఆరు నెలలు పట్టింది. దాని మీద జబ్బు సంగతి కూడా చెప్తే పెళ్ళే ఆగిపోతుందని భయపడ్డాడు. "ఆ పిల్లకు కొంచెం షుగరుందిమా" అని మాత్రం చెప్పాడు. తల్లి తేలిగ్గా తీసుకుంది. "ఉంటే ఉండనీలే, నాకు లేదా?" ఆమెకు పదమూడేళ్ళుగా టైప్‌-2 ఉంది. పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర.

2014లో పెళ్ళి. 2016లో గుంతకల్లు డివిజన్‌లో పనిచేసే ఒకాయన సొంతూరికి దగ్గరవుతానని ఖరగ్‌పూర్ కోరుకుంటే, ఇద్దరూ మ్యూచువల్ ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నారు. తల్లి క్వార్టర్స్‌కు వచ్చి చేరింది. ఒక ఇంట్లో ఇద్దరు షుగరు మనుషులు. అత్తకు తెలిసిన షుగరు ఒకటి, కోడలిది ఇంకొకటి. రెండింటికీ పేరు మాత్రం ఒకటే. అక్కడే చిక్కంతా.

"సూది అలవాటు చేసుకోవద్దమ్మీ, ఒగసారి మొదలుపెడితే జన్మకు వదల్దు. నా మాత్ర ఒగటి ఏసుకో" అనేది అత్త, నిజంగా ఆ పిల్ల మీద జాలితో. కోడలు నవ్వి ఊరుకునేది. కాఫీలో చక్కెర వేసేది కాదు అత్త. పండక్కి ఓళిగలు చేస్తే కోడలి కంచంలో పెట్టేది కాదు. కోడలి పరుపు కింద గ్లూకోజు పొట్లం కనిపిస్తే, పిల్ల దొంగచాటుగా తీపి తింటోందనుకుని ఎవరికీ చెప్పకుండా తీసి పారేసింది. మళ్ళీ చదవండి ఆ వాక్యం. ప్రాణం నిలబెట్టే పొట్లాన్ని, ఆ పిల్ల మంచి కోరే, చెత్తబుట్టలో వేసింది. చీనీ రాత్రికి అది వారం ముందు.

ఆ రాత్రి ఆయన గూడ్సు బండి మీద తాడిపత్రి దాటుతున్నాడు. బండి నడుపుతున్నంతసేపు లోకో పైలట్ల ఫోను కట్టేసి ఉండాలి. రెండున్నరకు రేణిగుంట రన్నింగ్ రూములో బూట్లు విప్పుతూ ఫోను ఆన్ చేశాడు. పద్నాలుగు మిస్డ్ కాల్స్. తల్లికి చేశాడు. ఆమె సంబరంగా ఉంది. "నీ పెండ్లాం నెల తప్పింద్రా! మాకు చెప్పకుండా దాచినారే ఇద్దరూ!" అంటూ మొదలుపెట్టి, చెమటలు, వణుకు, చీనీరసం, అంతా చెప్పుకుపోయింది.

చెప్తున్న కొద్దీ ఆయనకు కాళ్ళలో సత్తువ పోయింది. మంచం మీద కూర్చుండిపోయాడు. ఖరగ్‌పూర్‌లో ఆ చెమటలు, ఆ వణుకు ఆయన రెండుసార్లు చూశాడు. "మాథా ఘుర్ఛే" అని ఆమె అంటే, అంటే తల తిరుగుతోందంటే, నిమిషంలో గ్లూకోజు కలిపి ఇచ్చేవాడు. మెదడుకు చక్కెర అందనప్పుడు ఆమెకు నేర్చుకున్న భాష ముందు పోతుందని, కడుపులో నుంచి వచ్చిన భాషే మిగులుతుందని ఆయనకు అప్పుడే తెలుసు. ఆ ఇంట్లో ఆ భాష తెలిసినవాడు తనొక్కడే. తనేమో నూరు మైళ్ళ పైన ఉన్నాడు.

"ఆమెకు కడుపు కాదుమా" అన్నాడు. ఇంక మాట రాలేదు.

* * *

మర్నాడు మధ్యాహ్నం ముగ్గురూ వంటింట్లో కింద కూర్చున్నారు. ఆయన మొదటి నుంచి చెప్పాడు. ఇది నీ షుగరు కాదుమా. నీ ఒంట్లో ఇన్సులిన్ ఉంది, అది సరిగ్గా పనిచెయ్యదు. ఈమె ఒంట్లో అసలు లేదు. సూది వేసుకుని తినకపోతే రక్తంలో ఉన్న కాస్త చక్కెర కూడా అయిపోతుంది. అప్పుడు చక్కెరే మందు. మూడు చెంచాలు, అంటే పదిహేను గ్రాములు. పదిహేను నిమిషాలు ఆగి మీటరు పెట్టాలి, ఇంకా డెబ్బైకి తక్కువుంటే ఇంకో మూడు చెంచాలు. స్పృహ తప్పితే నోట్లో మాత్రం ఏమీ పొయ్యకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడు ఆసుపత్రికే.

తల్లి చాలాసేపు మాట్లాడలేదు. కోడలికి భయమేసింది. పొమ్మంటుందేమో అనుకుంది.

"నాకు సగమే చెప్పినావు గదరా" అంది చివరికి కొడుకుతో. "పిల్లను నా చేతిలో పెట్టి పోతావు రైలెక్కి. సగం చెప్పి పెట్టి పోతావు. నేను చంపింటే?"

లేచి పోయి చెత్తబుట్ట దగ్గర నిలబడి, వారం కిందటి పొట్లం సంగతి అప్పుడు చెప్పింది. చెప్తూ ఏడ్చింది. కోడలు వెనక నుంచి పట్టుకుంది. ఈ ఘట్టం ముగ్గురూ విడివిడిగా నాకు చెప్పారు. ముగ్గురూ అదే చోట ఆగి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ సాయంత్రం నుంచి ఆ ఇంట్లో వరస మారింది. సూది పడిన అరగంటకు కోడలు కంచం ముందు కూర్చోవాలి. ఎవరొచ్చినా సరే. మొదట్లో చుట్టాల ముందు తినడానికి ఆమెకు ముద్ద దిగేది కాదు. అత్త పక్కన నిలబడి అందరికీ వినపడేట్టు చెప్పేది: "మా కోడలికి సూది టయానికి తినాల. మీరు రెండు నిమిషాలు కూచోండి." ఆడవాళ్ళు ఆఖరున తినే ఆచారం మీద మనం ఎన్ని ఉపన్యాసాలు విన్నాం! అందరికన్నా పెద్దావిడ నోటి నుంచి వచ్చిన ఆ ఒక్క మాటకు ఆ ఇంట్లో ఆ ఆచారం లేకుండా పోయింది.

వంటింటి గోడ మీద బొగ్గుతో రెండు మాటలు రాయించుకుంది అత్త, తెలుగులో. "చినీ అంటే చక్కెర. మాథా ఘుర్ఛే అంటే తల తిరుగుతాంది." ఇంటికి సున్నం వేయించినప్పుడల్లా మళ్ళీ రాయించింది. నేను చూశాను, ఇప్పుడు నీలం రంగు పెయింటుతో ఉంది.

* * *

కోడలు తన కోసం ఏదీ అడిగే మనిషి కాదు. అత్త కోసం మాత్రం అడిగింది.

అత్తకు వెంకటరమణస్వామి శనివారం ఒక్కపొద్దు. ఇరవై ఏళ్ళ మొక్కు. పొద్దున మాత్ర వేసుకుంటుంది, సాయంత్రం దీపం పెట్టాకే తింటుంది. నాలుగయ్యేసరికి చేతులు వణికేవి, చూపు మసకబారేది. "ఒక్కపొద్దు కదా, అట్లే ఉంటాది" అనేది. కొడుకు చిన్నప్పటి నుంచీ చూస్తున్నాడు. చూసీ చూసీ ఆయనకు అది కనపడకుండా పోయింది. కోడలు చూసిన రెండో శనివారమే మీటరు తెచ్చి అత్త వేలు గుచ్చింది. 61.

తనకు బాగా తెలిసిన వణుకు అది. డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. షుగరు మాత్రల్లో కొన్ని తిన్నా తినకపోయినా క్లోమాన్ని పిండి ఇన్సులిన్ బయటికి తెప్పిస్తాయి, ఉపవాసం రోజు వాటితోనే ప్రమాదం. అన్ని మాత్రలూ అట్లా కాదు. అత్త వాడేది ఆ మొదటి రకం. శనివారాలకు డాక్టరు మాత్ర వేళ మార్చి రాశాడు. ఇంకొకటి కోడలే అడిగింది: "పాలు, పండ్లు ఒక్కపొద్దులో చెల్లుతాయి కదా అత్తా? మరి మధ్యాన్నం ఎందుకు తీసుకోవు?"

ఆ ప్రశ్న ఆ ఇంట్లో పుట్టినవాళ్ళెవరూ ఇరవై ఏళ్ళలో అడగలేదు. అడిగితే మొక్కు మీద నమ్మకం లేనట్టవుతుంది. బయటి నుంచి వచ్చిన పిల్లకు ఆ భయం లేదు. తెలియక అడుగుతోందని అందరూ అనుకుంటారు. ఆ వెసులుబాటుతోనే ఆమె అత్తను కాపాడుకుంది.

ఆ ఏడు దసరాకే అదే పని ఆయన ఖరగ్‌పూర్‌లో చేశాడు.

అష్టమి పొద్దున దుర్గమ్మకు పుష్పాంజలి. అంజలి ఇచ్చేదాకా చాలామంది బెంగాలీలు ఏమీ తినరు. ఎర్ర అంచు తెల్లచీర కట్టుకుని ఆమె పందిట్లో వరసలో నిలబడింది. జనం ఎక్కువ, ఒక జట్టు తర్వాత ఒక జట్టు. పదకొండు కావస్తోంది. ముందు రాత్రి వేసుకున్న నిదానంగా పనిచేసే ఇన్సులిన్ లోపల తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఆమె చీర కొంగు వేలికి చుట్టి విప్పి చుట్టి విప్పి చేస్తుండడం ఆయన దూరం నుంచి చూశాడు. ఏటా ఇంతేనని, అంజలికి ముందు వెనక గదిలో దాక్కుని సందేశ్ ముక్క నోట్లో వేసుకుని, ఏడాదంతా పాపభయంతో ఉండేదని ఆయనకు అప్పటికి తెలియదు.

తిన్నగా పూజారి దగ్గరికి పోయాడు. తన ముక్కల బెంగాలీలో, మైకు పక్కనే నిలబడి అడిగాడు: "ఠాకుర్‌మొశాయ్, ఓషుధ్ ఖేలే ఉపోష్ భాంగే?" మందు తింటే ఉపవాసం చెడుతుందా అని. ఆ మాట సగం మైకులో పోయింది. పందిట్లో తలలన్నీ తిరిగాయి. పూజారి ముసలాయన ఎవరికని అడిగాడు. ఈయన వేలు చూపించాడు. "ఆమెకు మిష్టే మందు." తీపే మందు అని.

పూజారి పళ్ళెంలోంచి బతాసాలు, అంటే చక్కెర బిళ్ళలు, నాలుగు తీసి ఆయన చేతిలో పోశాడు. తల్లి పిల్లను మాడ్చి పూలు అడగదు, ముందు తినిపించి తీసుకురా, ఈ జట్టును నేను ఆపుతానన్నాడు.

వరసలో కూతురి పక్కనే నిలబడ్డ ఆమె తల్లి అక్కడే కూలబడి ఏడ్చింది. పదేళ్ళు ఆ ప్రశ్న ఆ తల్లి గొంతులోనే ఉంది. అడిగితే పాడాకు, అంటే పేట మొత్తానికి, కూతురి జబ్బు తెలిసిపోతుందని అడగలేదు. పరాయి ఊరి అల్లుడికి పాడా ఏమనుకుంటుందో తెలియదు. అడిగేశాడు.

వీళ్ళ కథలో నాకు అన్నిటికన్నా విలువైనది ఇదే. రెండు రకాల ఇళ్ళ నుంచి వచ్చిన దంపతులకు తిండి దగ్గర, భాష దగ్గర కష్టాలెక్కువ, కాదనను. కానీ ఒక ఇంటి పిల్లలు సిగ్గుతోనో భక్తితోనో నోరు మూసుకున్న చోట, ఆ ఇంటికి కొత్తగా వచ్చిన మనిషి నోరు విప్పగలదు.

* * *

తిండి సంగతి అంత తొందరగా తేలలేదు.

గుంతకల్లు వచ్చిన మొదటి వారం ఆయన ఆమెను ఉగ్గాని బజ్జీ తినడానికి తీసుకుపోయాడు. పళ్ళెం చూడగానే ఆమె "ముడి!" అని కేక పెట్టింది. ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ వైపు పొద్దునా సాయంత్రం ముడి లేనిదే గడవదు. ఆవనూనె, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయతో కలుపుకుంటారు. మన బొరుగులే. ఇక్కడ నానబెట్టి, పిండి, తిరగమోత పెట్టి ఉగ్గాని చేస్తారు. వెయ్యి మైళ్ళ అవతల పుట్టింటి తిండి దొరికిందని ఆమె రెండు పళ్ళేలు తింది. రెండు గంటల తర్వాత 288.

బొరుగులు చేతికి దూదిలా తేలిక. కానీ బియ్యపు గింజ పేలి విచ్చుకున్నాక అందులోని పిండి చాలా త్వరగా అరిగి చక్కెరై రక్తంలో కలుస్తుంది. ఆమె మానలేదు. మానమని ఆయనా అనలేదు. ఇప్పుడు గుప్పెడు బొరుగులకు గుప్పెడు చెనక్కాయలు, ఉడికించిన శనగలు కలుపుతుంది. తినబోయే పిండిని లెక్కగట్టి, డాక్టరు నేర్పిన కొలత ప్రకారం సూది యూనిట్లు వేసుకుంటుంది.

సంగటి దగ్గర అత్తతోనే పెద్ద యుద్ధం. "రాగుల్లో చక్కెర యాడుంటాది? రాగులు తిన్నోళ్ళకు షుగరే రాదు" అని ఆమె వాదన. రాగులు మంచివే. పీచు ఉంది, కాల్షియం ఉంది. కానీ మూడింట రెండు వంతులు పిండి పదార్థమే. వాదించడం మానేసి కోడలు రెండు ముద్దలు తిన్న రోజు ఒకసారి, ఒక ముద్ద, గిన్నెడు ఆకుకూర పప్పు తిన్న రోజు ఒకసారి అత్తకు మీటరు పెట్టింది. అంకెలు చూసి అత్త ఏమీ అనలేదు. ముద్ద చిన్నదైంది. బెల్లం సంగతీ అంతే. చలికాలంలో ఖజూర్ బెల్లం రుచి చూసి ఇది చక్కెర కాదు కదా అని ఆమె పుట్టింటివాళ్ళు అంటారు, ఓళిగలో బెల్లమే కదా అని వీళ్ళంటారు. రక్తానికి చక్కెరా బెల్లమూ ఒకటే. కాకర చేదు తీపిని విరుస్తుందని కూడా రెండు చోట్లా నమ్మకమే. శుక్తో పేరుతో అన్నంలో ముందు చేదు తినడం వాళ్ళ అలవాటు. కూరగా తింటే మంచిదే, సూదికి బదులు మాత్రం కాదు.

ఎండాకాలం కరెంటు పోతే ఇన్సులిన్ పాడవకుండా అత్త చూసిన ఉపాయం చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినట్టే. పెద్ద కుండలో తడి ఇసుక, అందులో చిన్న కుండ, సీసా దాంట్లో, పైన తడి గుడ్డ. వాడకంలో ఉన్న సీసాకు ఆ చల్లదనం చాలునని డాక్టరు కూడా మెచ్చుకున్నాడు.

2018లో ఆమె నిజంగానే నెల తప్పింది. రోజుకు ఏడుసార్లు వేలు గుచ్చుకుంటూ తొమ్మిది నెలలు గడిపింది. ఆడపిల్ల పుట్టింది. "ఆ పొద్దే చెప్తిని గదక్కా" అని మేనమామ మళ్ళీ చీనీ సంచితో వచ్చాడు.

ఆ తర్వాత ఏడాది రైల్వే వైద్య పరీక్షలో ఆయనకు పరగడుపున 114 వచ్చింది. ఇంకా షుగరు కాదు, దాని గడప. వేళాపాళా లేని డ్యూటీలు, రన్నింగ్ రూము తిళ్ళు, తల్లి నుంచి వచ్చిన రక్తం. ఐసీఎంఆర్ 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల పైమందికి షుగరుంటే, ఆ గడప మీద నిలబడ్డవాళ్ళు 13 కోట్ల 60 లక్షలు. ఆయన ఆ గుంపులో ఒకడు. ఇప్పుడు ఆయన క్యారేజీ ఆమె కొలిచి కడుతుంది. ముగ్గురి అంకెలూ ఒకే క్యాలెండరు మీద ఉన్నాయి. ఎర్రసిరా ఆమెది, నీలం అత్తది, పెన్సిలు ఆయనది.

నేను వాళ్ళింటికి పోయిన రెండో ఆదివారం రాత్రి ఆయన డ్యూటీకి బయల్దేరాడు. ఎనిమిదిన్నరకు లాబీ నుంచి ఫోను చేశాడు. ఇంజను ఎక్కే ముందు చేసే ఆఖరి కాల్ అది. స్పీకరు మీద పెట్టింది ఆమె.

"ఖేయేఛో?" తిన్నావా అని.

"తింటి" అంది, అచ్చం అనంతపురం మనిషిలాగా.

వంటింట్లోంచి అత్త గొంతు: "నూట ముప్పై రెండని చెప్పమ్మీ! నాది నూట యాభై. వాణ్ణి ఆ రన్నింగ్ రూములో పూరీలు తినొద్దని చెప్పు."

"విన్నానుమా" అని నవ్వి ఆయన ఫోను కట్టేశాడు.